రెక్కలు అడ్డం పెట్టినోళ్లు

మందమర్రిలో క్రిస్మస్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది రెక్కలు. అట్టముక్కలు కోసి, తెల్లగుడ్డ అంటించి, అంచులకు మెరుపు కాగితం చుట్టేవాళ్లం. చర్చి నాటికలో గబ్రియేలు దూత వేషం ప్రతిసారీ మా దోస్తుదే. మైకు లేకున్నా వాడి గొంతు చివరి వరుస దాకా వినబడేది.

ఇంజినీరింగ్ అయ్యాక ఒకరోజు నాతో చెప్పాడు, తను గే అని. ఇంట్లో చెప్పలేదు. కొన్నాళ్లకు ఒక ఆదివారం ప్రసంగంలో పావుగంట సేపు ఇట్లాంటి వాళ్ల మీద శాపాలే. ఎవరి పేరూ ఎత్తలేదు. వాడికి మాత్రం తన పేరే వినబడింది. ఆ రోజు వాడి పక్కన కూర్చున్నది నేనే. ఏమీ అనలేదు. అప్పట్నుంచి వాడు చర్చికి రావట్లేదు. మొన్న ఫోన్లో అన్నాడు: "నేను దేవుణ్ని వదల్లేదు రా. కూర్చునే జాగనే పోయింది."

ఆ మాటకు ఇంకో రెక్కల కథ గుర్తొచ్చింది. 1998 అక్టోబరులో అమెరికాలోని లారమీ అనే ఊళ్లో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల గే విద్యార్థిని ఇద్దరు చావగొట్టి, కంచెకు కట్టేసి పోయారు. కొద్దిరోజులకే ఆస్పత్రిలో చనిపోయాడు. అంత్యక్రియల దగ్గరికి కూడా వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు ద్వేషం నిండిన ప్లకార్డులతో వచ్చారు. 1999 ఏప్రిల్‌లో కేసు నడుస్తుంటే కోర్టు దగ్గరికీ వచ్చారు.

అప్పుడు మాథ్యూ స్నేహితురాలు రొమైన్ ప్యాటర్సన్ పీవీసీ పైపులు, తెల్ల దుప్పట్లతో పెద్ద పెద్ద రెక్కలు తయారు చేయించింది. దోస్తులంతా అవి తొడుక్కుని ఆ ప్లకార్డులకు అడ్డంగా నిలబడ్డారు. నినాదం లేదు, తిట్టు లేదు. దేవుడి పేరుతో వచ్చిన ద్వేషానికి దేవదూత వేషంతోనే జవాబిచ్చారు. దేవుణ్ని అవతలివాళ్లకు రాసిచ్చేయలేదు.

అమెరికా ముచ్చట మనకెందుకంటారా? మన ముచ్చట ఇంకా పాతది. నిజాం కాలంలో, 1919లో, యూనక్స్ యాక్ట్ అని ఒకటి తెచ్చారు. హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించేవాళ్లు. అట్లా ఎక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా, వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు. మన ఆదిలాబాద్ కూడా అప్పుడు నిజాం రాజ్యమే. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కితే, ఆ చట్టం చెల్లదని తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఎప్పుడనుకున్నారు? 2023 జులైలో! అంటే 2013లో హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ మార్చ్ నడిచిన రోజు కూడా అది చట్టమే. వీధిలో ఆడటమే నేరమైన చోట, వీధిలోకి రావడమే నిరసన.

చర్చిలన్నీ ఒక్క మాట మీద లేవు. 2018లో సెక్షన్ 377 ఉండాల్సిందేనని కొన్ని క్రైస్తవ సంఘాలు సుప్రీంకోర్టులో వాదించాయి. మరోపక్క నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఇన్ ఇండియా ఇదే విషయం మీద సంఘాల్లో మాట్లాడుకుందామని చర్చలు నడిపింది. దాని ఆఫీసు నాగ్‌పూర్‌లో, మన స్టేషన్ మీదుగా పోయే రైలు దారిలోనే.

మాథ్యూను సమాధి చేస్తే దాన్నీ వదలరేమోనన్న భయంతో తల్లిదండ్రులు అస్థికలను 20 ఏళ్లు దాచుకున్నారు. చివరికి 2018 అక్టోబరు 26న వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో చోటు దొరికింది. అది కూడా చర్చే.

బొగ్గుబాయిల ఊరోళ్లం. సమ్మెలు చూసినం, ధూంధాంలు చూసినం. పాటకూ ఆటకూ ఎంత బలముందో మనకు ఒకరు చెప్పాలా? కానీ ఇక్కడ పెద్ద సభ అక్కర్లేదు. యూత్ మీటింగులో ఎవడో ఎకసెక్కాలాడితే నవ్వకుండా ఉండొచ్చు. ప్రసంగం అయ్యాక దగ్గరికెళ్లి, "అయ్యగారూ, ఆ మాటలు విన్నవాళ్లలో మన పిల్లలు కూడా ఉన్నారు" అని మర్యాదగా చెప్పొచ్చు. నేను ఆ రోజు చేయనిది అదే.

ఇది రాస్తానంటే మా వాడు "పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. పెట్టలేదు. క్రిస్మస్‌కు ఇంటికి రమ్మన్నా. అంతకుముందే నేను పోయి పాస్టర్ గారితో మాట్లాడతానని కూడా చెప్పా.

"ముందు నువ్వు మాట్లాడు, తర్వాత చూద్దాం" అన్నాడు.