ఫోన్లు మారుతున్న రిపోర్టులు

కల్వకుర్తిలో రక్త పరీక్ష చేయించుకున్న మనిషి బస్సెక్కి ఊరు చేరేలోపు ఆ రిపోర్టు ఎన్ని ఫోన్లు తిరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి. ల్యాబ్ నుంచి డాక్టరుకు, రోగిని పంపిన ఆర్‌ఎంపీకి, ఆయన దగ్గర్నుంచి తోడొచ్చిన బంధువుకు. అంతా వాట్సాప్‌లోనే. ఎవరి మనసులోనూ చెడు ఉండకపోవచ్చు, పని తొందరగా కావాలనే అనుకుంటారు. కానీ ఆ ఫొటోలో పేరు, వయసు, ఊరు, జబ్బు నాలుగూ ఉంటాయి. వెల్దండలోనో వంగూరులోనో మనిషిని గుర్తుపట్టడానికి అంతకంటే ఏం కావాలి?

టీబీ అని తెలిస్తే కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటారు. హెచ్‌ఐవీ అని తెలిస్తే ఇంట్లో పిల్లల పెండ్లి సంబంధాలు ఆగిపోతాయి. ఆ భయంతో మనిషి ఆసుపత్రికే రాడు, వచ్చినా మందులు మధ్యలో మానేస్తాడు. మామూలు టీబీకే ఆరు నెలలు మందులు వాడాలి. మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. బతుకుదెరువుకు ముంబయి, పుణె పోయి వచ్చే పాలమూరు వలస కూలీల ఇండ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. రోగి గుట్టు కాపాడటం కూడా వైద్యంలో భాగమే అని మేం గట్టిగా అనేది అందుకే.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు, వివరాలు డాక్టరు బయటపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కోర్టు ఆదేశం, చికిత్స అవసరం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ ఉన్న సంగతి ఎవరికీ చెప్పకూడదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇక ముందుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 2027 మేలో అమల్లోకి వస్తాయి. డేటా కాపాడేందుకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు, వివరాలు లీకైన సంగతి దాచిపెడితే 200 కోట్ల వరకు జరిమానా. చిన్న ల్యాబ్ మీద అంత వేయకపోవచ్చు, తప్పు తీవ్రతను బట్టే వేస్తారు. కానీ చిన్నదని వదిలేయరు. కాగితం రిజిస్టరు ఈ చట్టం కిందికి రాదు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే వస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర లీకైనా జవాబు చెప్పాల్సింది ఆసుపత్రే.

డేటాకు ముప్పు ఉత్త ఊహేననుకోవద్దు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ చీటీలు చేతితో రాయాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక్క మనిషి దగ్గర 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలు అమ్మకానికి ఉన్నాయి. చేయి దాటిన సమాచారానికి అంత పెద్ద అంగడి ఉంది.

డేటా రక్షణ చట్టంలో మమ్మల్ని బాధపెట్టే లోటు ఒకటుంది. జరిమానా సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది, పరువు పోయిన రోగికి రూపాయి రాదు. నష్టపరిహారం అడిగే దారి చూపిన ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఈ కొత్త చట్టం తీసేస్తోంది. ఇది అన్యాయం. పార్లమెంటు సరిదిద్దాలి.

అందాకా ఆగొద్దు. ఆసుపత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు నడిపేవారు రిపోర్టులు పంచే వాట్సాప్ గ్రూపులను వెంటనే మూసేయాలి. రికార్డులు మూడేండ్లు భద్రపరచాలన్న నిబంధన దస్త్రాలకే గానీ సిబ్బంది సొంత ఫోన్లకు కాదు. వాటిలో ఉన్న పాత ఫొటోలు తుడిచేయించండి. ఓపీ దగ్గర నలుగురిలో జబ్బు పేరు పెట్టి పిలవడం మాన్పించండి. రోగులారా, మీ రిపోర్టు మీకు తప్ప ఇంకెవరికి పంపుతున్నారో కౌంటరు దగ్గరే అడగండి. అడగడం మీ హక్కు.