పడవ మీద కాపురం

తెరచాప పడవలో దేశాలు తిరుగుతూ అందులోనే కాపురం చేసేవాళ్లున్నారంటే మనకి ముందు గుర్తొచ్చేది చల్లగాలీ, ఎర్రటి సాయంత్రం ఆకాశమూను. వాళ్లు రాసుకున్నవి చదివితే మాత్రం సగం పేజీలు చెడిపోయిన పంపులూ, కారే పైపులూ, తడి పక్కబట్టల గురించే ఉంటాయి. అంతా మనింటి గొడవే, చెప్పొద్దూ! కాకపోతే కబురు పెడితే వచ్చే ప్లంబరు అక్కడ దొరకడు.

మనవాళ్లకి ఇది బొత్తిగా తెలియని సంగతేమీ కాదు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడపిల్లలు గోవా నుంచి 'తారిణి' అనే 56 అడుగుల తెరచాప పడవలో బయలుదేరి, భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగువాళ్లే. విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. న్యూజీలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్లాండ్ దీవులకి చేరడానికే వాళ్లకి దాదాపు 40 రోజులు పట్టింది. అన్ని రోజులూ ఏది విరిగినా, ఏది కారినా వాళ్ల చేతులే దిక్కు. 2018 ఏప్రిల్‌లో చుక్కాని తిప్పే ఏర్పాటు పాడైతే మాత్రం, ముందు అనుకోని మారిషస్ రేవుకి వెళ్లి బాగుచేయించుకున్నారు.

ముందు వంటింటి సంగతి చూద్దాం. పడవలో పొయ్యిని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి ఉయ్యాలలా ఊగి మట్టంగానే ఉంటుంది. గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలు ఉంటాయి. వాళ్లకి ప్రాణంలాంటిది ప్రెషర్ కుక్కరట. మూత బిగిసి ఉంటుంది కనక పడవ కుదిపినా మరిగే పప్పు మీద పడదు, గ్యాసూ కలిసొస్తుంది. అట్టపెట్టెలు మాత్రం పడవలోకి రానివ్వరు. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయని రేవులోనే సరుకు బయటికి తీసి అట్టలు పారేస్తారు. మన కిరాణా అట్టపెట్టెలు వంటింట్లో ఎన్నాళ్లుంటాయో ఒకసారి చూసుకోండి! కోడిగుడ్లు కడగనివి, ఫ్రిజ్‌లో పెట్టనివి కొంటారు. రెండ్రోజులకోసారి తిరగేస్తూ ఉంటే కొన్ని వారాలు నిలుస్తాయంటారు. మంచినీళ్లు ఆదా చెయ్యాలని బంగాళాదుంపల్ని నడిసముద్రపు నీళ్లలోనే ఉడికిస్తారు. ఆ నీళ్లలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. అన్నానికి అది పనికిరాదు లెండి, మనం ఉప్పు లేకుండా వండుకునేవాళ్లం.

బట్టలు ఆరకపోవడం ఇంకో తంటా. సముద్రపు నీళ్లతో ఉతికిన చీరో, దుప్పటో ఎంత ఎండలో వేసినా మళ్లీ చెమ్మగిల్లుతుంది. వానాకాలం మన ఉప్పు జాడీలో తడి చేరటం లేదూ? గుడ్డలో మిగిలిన ఉప్పు కూడా అలాగే గాలిలో తేమని పీల్చేస్తుంది. అందుకని ఆఖరి జాడింపు కాసిని మంచినీళ్లతోనే. మరుగుదొడ్డి పైపుల్లో సున్నంలాంటి గార పేరుకుపోయి, నీళ్లు తోసే చేతిపంపు బిగుసుకుపోతుంటుంది. అప్పుడప్పుడూ వెనిగర్ పోసి కాసేపు నిలవ ఉంచుతారు. బోరునీళ్ల కుళాయిలకి మనం చేసేదీ అదే.

వాళ్లు నిజంగా భయపడేది గ్యాసుకి. వంటగ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో కారితే గడప కింద నుంచో, తలుపులోంచో కొంతైనా బయటికి పోతుంది. పడవ అడుగు గిన్నెలాంటిది, అందులోకి దిగిన గ్యాసు అక్కడే కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండరుని కిందినుంచి బయటికి రంధ్రం ఉన్న విడి అరలో పెట్టి, వంట అవ్వగానే పొయ్యి దగ్గర కాదు, సిలిండరు దగ్గరే కట్టేస్తారు. మనలో ఎంతమందిమి రాత్రి రెగ్యులేటరు కడుతున్నాం? సింకు కింద మూసిన అరలో సిలిండరు పెట్టుకుని, ఆ అరకి కింద గాలి పోయే దారి లేని ఇళ్లు బోలెడు. వాసన వస్తే స్విచ్చి వెయ్యకండి, ఆపనూ ఆపకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ తీసి, బయటికి వచ్చాక 1906 కి ఫోను చెయ్యండి.

పడవ అడుగున నీళ్లు వచ్చిపోవడానికి కొన్ని కన్నాలుంటాయి. ఒక్కోదానికి ఒక్కో వాల్వు, దాని పక్కనే తాడుతో కట్టిన కోసు చెక్క బిరడా. వాల్వు విరిగితే వెతుక్కునే పని లేకుండా ఆ బిరడా దిగ్గొడతారు. ఇంజను చల్లబరిచే పంపులో రబ్బరు చక్రం ఒకటుంటుంది. దాని రెక్కలు తెగితే కొత్తది వేస్తే చాలదు, తెగిన ముక్కలన్నీ లెక్కపెట్టి తీయాలి. ఒక్కటి మిగిలినా పైపుకి అడ్డం పడుతుంది.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. భార్యాభర్తలు ఇద్దరే ఉన్న పడవల్లో ఇంజను ఆయన, వంట ఆవిడ అని పంచుకున్నవే ఎక్కువట. నడిసముద్రంలో ఆయనకి జ్వరం వస్తే ఆవిడ వాల్వు ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. మన ఇళ్లలోనూ మెయిన్ స్విచ్చి, ట్యాంకు గేటువాల్వు మగవాళ్ల సొత్తులానే ఉన్నాయి. వాళ్లు ఊళ్లో లేని రోజే పైపు పగులుతుంది. ఈ ఆదివారం మీరూ, మీ అమ్మాయీ కలిసి మేడ ఎక్కి ఆ వాల్వు ఒకసారి తిప్పి చూడండి. ఏళ్లుగా తిప్పకపోతే బిగుసుకుపోయి ఉంటుంది, రెండు చుక్కల నూనె వెయ్యండి. కుక్కరు గ్యాస్కెట్టు, కుళాయి వాషర్లు, టెఫ్లాన్ టేపు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పానా ఓ పాత స్వీటు డబ్బాలో వేసి అందరికీ తెలిసేచోట పెట్టండి.

అన్నట్టు 2024 అక్టోబరు 2న ఆ తారిణిలోనే మళ్లీ నౌకాదళం అమ్మాయిలు దిల్నా, రూప బయలుదేరి 2025 మే 29న గోవా చేరారు. ఈసారి ఆరుగురు కాదు, ఇద్దరే. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుని, వంటా, తెరచాపా, మరమ్మతూ అన్నీ ఇద్దరూ చేసుకున్నారు.