మందు మాన్పలేని వ్యాధి: ఇంటివారు గుర్తింపవలసినది

వ్యాధి కుదురునను ఆశ లేదని వైద్యుడు చెప్పిన పిదపగూడ రోగిని ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి మోసికొని తిరుగుటయే ప్రేమకు గురుతని మనవారిలో ననేకులు తలంచుచున్నారు. పొలమమ్మి వైద్యము చేయింపనివాడు కొడుకే కాడను లోకాపవాదమునకు వెఱచి, ఉన్నదెల్ల నమ్మి, తండ్రిని కడపటి దినములలో ఐ.సి.యు. తలుపులవెనుక నుంచి తాము వరండాలో గూర్చుండువా రెందఱో కలరు. వారి ప్రేమను మేము శంకింపము. దానికి దారి తెలియకున్నదనియే మా విచారము.

ఆ దశ వచ్చినదని గుర్తించుట యెట్లు? అది యొక్కదినమున తేటపడునది కాదు. ఆఱు మాసములలో రెండు మూడు మారులు ఆసుపత్రిలో జేరి, ఇలు సేరిన ప్రతిసారియు మునుపటికన్న నీరసించుట, శరీరము కారణము లేక శుష్కించుట, పగటిలో సగమునకు మించి మంచముననే యుండుట, కూర్చున్నను ఆయాసము, మ్రింగుట కష్టమగుట, మాత్రలకు లొంగని నొప్పి—ఇవి విడివిడిగా వచ్చినచో వేఱు కారణము లుండవచ్చును. కూడివచ్చినచో వైద్యుని అడుగు ప్రశ్న మారవలెను. “ఇంకేమి చేయుదురు?” అనుటకు మాఱు “చేయబోవుదానివలన ఈయనకు గలుగు సుఖమేమి?” అని యడుగుడు. రోగియే “నన్నిక ఇంటికి దీసికొని పొండు” అన్నచో దానిని మతిచలనమని త్రోసివేయరాదు.

ఉపశమన చికిత్స యనగా వైద్యము మానుట కాదు. 1967లో లండనున సిసిలీ సాండర్సు స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసు ఈ పద్ధతికి నేటి రూపము నిచ్చినది. 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదనము, 1993లో కాలికట్టున ఉపశమన చికిత్సా సంఘము వెలసినవి. హైదరాబాదున ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియు, స్పర్శ్ హాస్పిసును ఈ సేవ చేయుచున్నవి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులలో, మామూలు చికిత్సతోపాటు ఈ సేవను మొదటినుండియు పొందినవారు సుమారు 11.6 మాసములును, తక్కినవారు 8.9 మాసములును జీవించిరని 2010లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తెల్పినది. దీనిని ఓటమి యనువారు ఈ అంకెలను చూతురు గాక!

మార్ఫీనన్న భయము వేఱొకటి. నల్లమందును చట్టసమ్మతముగా పండించు దేశములలో మనది ప్రముఖము. మన రోగులకు మాత్ర మది దుర్లభము! 1985 నాటి కఠినశాసనమును 2014లో సడలించినను, అలవాటై పోవునని ఇంటివారు జంకుచునే యున్నారు. వైద్యుని యదుపున మితముగా నిచ్చు మార్ఫీను నొప్పిని తగ్గించునే కాని ప్రాణము తీయదు.

కేరళలో 2008 నాటి ప్రభుత్వ విధానము ననుసరించి పంచాయతీల యాజమాన్యమున నర్సులు రోగుల యిండ్లకే పోవుచున్నారు. మన రెండు రాష్ట్రముల పంచాయతీలును దీనిని చేపట్టవలెనని మా కోరిక. అంతవఱకు ఇంటిపెద్దలు చేయదగిన దొకటి కలదు: రోగికి మాటాడు శక్తి యుండగనే, నిజము దాచక, ఆయన యెవరిని చూడగోరునో, ఏ మంచమున పరుండగోరునో అడిగి తెలిసికొనుట.