పార్సిల్‌కి ట్రాకింగ్ ఉంది, మరి డ్రైవర్‌కి?

మన ఆర్డర్ ఏ ఊరు దాటిందో ఫోన్‌లో గంటకోసారి చూసుకుంటాం. ఆ లారీ నడిపే మనిషి నిద్రపోయి ఎన్ని గంటలైందో మాత్రం మనకి కనిపించదు.

రూల్స్ లేక కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాసేశారు: రోజుకి 8 గంటల పని, వారానికి 48. దూర ప్రయాణాలకైతే అనుమతితో రోజుకి 10 గంటల దాకా. ఏకబిగిన 5 గంటలకి మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉండేది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా ఈ గంటల్నే పాటించమంది.

మరి ఆ గంటలు లెక్కపెట్టేదెవరు? యూరోపియన్ యూనియన్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. పెద్ద లారీల్లో టాకోగ్రాఫ్ అనే పరికరం ఎంతసేపు నడిపాడో, ఎప్పుడు ఆగాడో రికార్డు చేస్తుంది. తనిఖీలో అది చూస్తే చాలు, దాచడం కష్టం. మన లారీల్లో జీపీఎస్ ఉన్నా, అది సరుకు కోసం.

"డ్రైవర్లే ఆగరు కదా" అంటారు కొందరు. ట్రిప్పు లెక్కన డబ్బులిస్తే ఎవరాగుతారు? ఆగిన ప్రతి గంటా అతని జేబుకే చిల్లు. అందుకే విశ్రాంతిని డెలివరీ టైమ్‌లోనూ, కూలీలోనూ కలిపి లెక్కకట్టాలి.

రేపు ఆ రూట్ సాఫ్ట్‌వేర్ రాసేది మనలోనే ఎవరో. దూరం, డీజిల్, ట్రాఫిక్‌తో పాటు ఆ అరగంటనీ కోడ్‌లో పెడదాం. పార్సిల్ ఒక పూట లేటైతే కొంపలేం మునిగిపోవు.