పాత విమానముల జాతకములు

రాజుల చరిత్రము వ్రాయుటకు చరిత్రకారులుందురు. ఊరికి ఉప్పు మోసిన గాడిద చరిత్రము నెవరు వ్రాయుదురు? విమానముల లోకమునందును ఇంతియే. యుద్ధవిమానములకును, సముద్రములు దాటించు పెద్ద విమానములకును పుస్తకములు కలవు, ప్రదర్శనశాలలు కలవు. దారిలేని అడవులకు పిండియు మందులును మోసిన చిన్న విమానము, పొలముపై ఎరువు చల్లిన విమానము తుదకేమైనవని అడుగువారు కొలదిమందియే. అట్టివారు పలుదేశములలో ఉన్నారు. ఒక్కొక్క విమానము గతిని ఏండ్ల తరబడి వెదకి వ్రాసియుంచుచున్నారు. ఇది పనిలేనివారి పని యని కొందరందురు. మేమట్లు తలంపము.

కెనడా దేశపు బీవర్ విమానమునే చూడుడు. నదులకు అడ్డుకట్టలు కట్టు ఒక కష్టజీవియైన జంతువు పేరది. డి హావిలాండ్ కెనడా సంస్థవారు దానిని నిర్మించుటకు ముందు, ఉత్తరపుటడవులలో విమానములు నడపువారినే పిలిచి, ఎట్టిది కావలెనని అడిగిరి. వారు వేగము కోరలేదు. కొద్దిపాటి చోటినుండి బరువుతో లేవవలెననిరి. నీటిపై తేలుటకు తెప్పలును, మంచుపై జారుటకు పట్టాలును అమర్చుటకు వీలుండెను. నూనెపీపాను దొర్లించి లోనికెక్కించుటకు చాలునంత వెడల్పుగా తలుపులు పెట్టిరి. 1947 ఆగస్టు 16న టొరంటో వద్ద అది మొదటిసారి ఎగిరెను. 1967 వరకు 1650కి పైగా తయారైనవి. అమెరికా సైన్యమే సుమారు 970 కొనెను. న్యూజిలాండు కొండలపై పచ్చికబయళ్లకు భాస్వరపుటెరువు చల్లిన విమానములలో ఇదియు నొకటి. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1958 జనవరిలో దక్షిణధ్రువము చేరినపుడు, ఆయన దారిలో ఆహారమును ఇంధనమును ముందుగా చేర్చినదియు ఒక బీవరే. హిల్లరీ పేరు అందరెరుగుదురు. ఆ విమానము నెందరెరుగుదురు?

ఈ వెదకుటలో ఒక పద్ధతి కలదు. విమానముపై వ్రాసిన అక్షరములు ఇంటి చిరునామా వంటివి. దేశము మారినపుడు అవియు మారును. కర్మాగారమున ఇచ్చిన సంఖ్య మాత్రము పుట్టుమచ్చ వంటిది. దానిని పట్టుకొని, ఏ యేట ఎవరు కొనిరి, ఏ సరస్సులో మునిగెను, ఎవరు పైకి తీసి బాగుచేసిరి అని వరుసగా కూర్చుదురు. మొదటి సంఖ్యగల బీవర్, సీఎఫ్-ఎఫ్‌హెచ్‌బి అను అక్షరములు గలది, 1980 వరకు పాటుపడి, నేడు ఆంటారియో రాష్ట్రమందలి సూ సెయింట్ మేరీ పట్టణపు ప్రదర్శనశాలలో విశ్రాంతి తీసికొనుచున్నది. అన్నింటికిని అట్టి భాగ్యము కలుగలేదు. కొన్ని కొండలకు తగిలి మనుష్యులతో సహా నశించినవి. కొన్నింటి జాడ అర్ధాంతరముగా తెగిపోయినది.

మేము మిక్కిలి మెచ్చునది ఇచ్చటనే యున్నది. జాడ తెగినచోట నిజమైన వ్రాతకాడు కథ కల్పింపడు. "అటుపైన తెలియరాలేదు" అని వ్రాసి విడుచును. ప్రమాదమును దాచడు, కీర్తిని పెంచడు. అభిమానమున్నచోట అతిశయోక్తి పుట్టుట సహజము. అభిమానముండియు సత్యమునకు లోబడుట గొప్ప శిక్షణ. ఏ పాఠ్యపుస్తకమును దీనికంటె మేలైన విద్య నేర్పగలదని మేము తలంపము.

ఇందువలన ప్రయోజనమేమని అడుగువారికి ఒక మాట చెప్పుదుము. ఈ విమానములన్నియు చచ్చినవి కావు. 2019 డిసెంబరు 10న కెనడా పశ్చిమతీరమున ఒక బీవరు పాత ఇంజను తీసి, విద్యుత్తుతో నడచు మోటారు అమర్చి ఎగురవేసిరి. బ్రతికియున్న వృద్ధుని ఆరోగ్యమెరుగుటకు అతని పూర్వపు రోగములు తెలియవలయును గదా! ఎక్కడ విరిగెను, ఎక్కడ అతుకుపడెను అను లెక్క పైలటు ప్రాణమునకును, ప్రయాణికుల ప్రాణమునకును సంబంధించినదే.

మన దగ్గరనే చూడుడు. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు పొలములపై మందు చల్లుటకు 'బసంత్' అను విమానమును నిర్మించిరి. దాని తుదిరూపము 1972లో ఎగిరెను. 1980లో తయారీ నిలిచెను. బీవరులవలె అవి వేలలోనికి పోలేదు; కొలదిసంఖ్యలోనే నిర్మింపబడినవి. వాని ఒక్కొక్కదాని గతిని అరువది పుటల నోటుపుస్తకములో ఇమిడ్చి వ్రాయవచ్చును. ఆ పని చేయువాడు మన పిల్లలలోనే ఒకడు కాగూడదా?

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ వీధిగట్టున కూర్చుండి లారీల సంఖ్యలో, రైలింజనుల సంఖ్యలో వ్రాసికొనుచున్నచో, చదువు చెడునని వెంటనే కసరకుడు. ఆ పుస్తకము తెరచి చూడుడు; తేదీ వేసినాడా, చూడనిది చూచినట్లు వ్రాసినాడా అని మాత్రము అడుగుడు. విద్యార్థులారా! మీకు సేవచేసిన వస్తువు నొకదానిని, ఊరి పాత బస్సునో, పొలమునకు నీరు తోడిన ఇంజనునో ఎన్నుకొనుడు. అది పుట్టిన యేడు, చేతులు మారిన విధము, తుదకు చేరిన చోటు పెద్దలనడిగి వ్రాయుడు. తెలియనిచోట తెలియదనియే వ్రాయుడు. మనకు మేలుచేసినదానిని మరువకుండుట కృతజ్ఞత. ఉన్నదున్నట్లు వ్రాయుట విద్య. ఈ రెండును ఒక్క పుస్తకములో చేరినచో అంతకంటె కావలసినదేమి?