ఓర్పుకు దక్కిన ఫలం

కంటికి కనిపించని దాని కోసం జీవితమంతా వెచ్చించినవారు జేమ్స్ పీబుల్స్. 1935లో కెనడాలోని విన్నిపెగ్‌లో జన్మించారు. తండ్రి అక్కడి ధాన్యం మార్కెట్‌లో ఉద్యోగి. మానిటోబా విశ్వవిద్యాలయంలో డిగ్రీ ముగించి, 1958లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరారు. 1962లో డాక్టరేటు పొంది అక్కడే ఆచార్యులుగా స్థిరపడ్డారు. విశ్వం పుట్టుకకు అప్పట్లో ఆధారాలు బహు తక్కువ. అయినా గురువు రాబర్ట్ డికీ ప్రోత్సాహంతో ఆ దారే పట్టారు.

పాలపుంత వంటి నక్షత్ర వీధులు తిరిగే వేగానికి, కనిపించే నక్షత్రాల బరువు వాటిని పట్టి ఉంచజాలదు. కనుక కనిపించని పదార్థం మరేదో ఉండాలి. అదే కృష్ణ పదార్థం. అది నెమ్మదిగా కదిలే బరువైన కణాలయితే నక్షత్ర వీధులు ఏర్పడిన తీరుకు లెక్క కుదురుతుందని పీబుల్స్ 1982లో చూపారు. విశ్వంలో దాని వాటా సుమారు 27 శాతం. మనకు తెలిసిన పదార్థం 5 శాతమే. ఆ కణం నేటికీ ఎవరికీ చిక్కలేదు.

2019లో, 84 ఏళ్ళ వయసులో, నోబెల్ బహుమతిలో సగం ఆయనకు దక్కింది. అన్నేళ్ళూ ఫలితం కోసం తొందరపెట్టకుండా ఆయనను నిలిపింది ఒక విశ్వవిద్యాలయం. కొబ్బరి మొక్క నాటిన మరుసటి ఏడాదే కాయలు అడగం కదా! ఈ చదువు ఏం తెచ్చిపెడుతుందని పిల్లలను నిలదీసే పెద్దలు, వెంటనే ఫలితం చూపమనే ప్రభుత్వాలు ఈ సంగతి గమనించాలి. సైన్సు మీద ప్రేమతోనే ఈ రంగంలోకి రావాలన్నది యువతకు పీబుల్స్ హితవు. ఆ ప్రేమకు తగిన వ్యవధి ఇవ్వడం సమాజం విధి.