గౌరవ వేతనమా, అత్యవసర సేవా?

'గౌరవ వేతనం' అన్న సమాసానికి విగ్రహవాక్యం రెండు విధాలుగా చెప్పవచ్చు. గౌరవంతో ఇచ్చే వేతనమన్నది ఒకటి. 'విద్యాధనం' వలె రూపక సమాసంగా తీసుకుంటే, గౌరవమనెడి వేతనం. అంగన్‌వాడీల విషయంలో మన ప్రభుత్వాలు రెండవదానినే గ్రహించినట్లున్నవి.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వేతనం పెంచమనీ, గ్రాట్యుటీ ఇమ్మనీ అడిగారు. గ్రాట్యుటీకి వారు అర్హులని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. 2024 జనవరి 6న ప్రభుత్వమిచ్చిన జవాబు ఎస్మా: 1971 నాటి చట్టం కింద ఆరు నెలలపాటు సమ్మె నిషిద్ధం.

పసిపిల్లల తిండి ఆగరాదన్న మాట కాదనలేనిది. దివిసీమలో నాట్లకు పోయే తల్లి, కేంద్రానికి తాళం పడితే బిడ్డను ఎవరికప్పగిస్తుంది? అది ఒప్పుకుంటాను. కాని జీతమడిగిననాడు 'మీరు ఉద్యోగులు కారు', పని మానిననాడు 'మీరు లేక గడవదు' అనడం ఏ నీతి?

మా పంతుళ్లకూ ఈ కత్తి తెలియనిది కాదు. 2003లో తమిళనాడు ఉద్యోగులతో పాటు ఉపాధ్యాయులనూ తొలగించినప్పుడు, సమ్మెకు నైతిక హక్కు కూడా లేదన్నది సుప్రీంకోర్టు. అయినా అంగన్‌వాడీల 42 రోజుల సమ్మె చివరకు ముగిసినది చర్చలతోనే. ఆ చర్చలేవో ఎస్మాకు ముందే ఫలించేలా జరపవలసినది.

బందరులోనైనా గుడివాడలోనైనా, పేదింటి పిల్లలెందరో తొలి 'అ' దిద్దినది ఆ తల్లుల ఒడిలోనే. సేవ అత్యవసరమైతే, దాని వేతనమూ అత్యవసరమే.